పాత పేరు, క్రొత్త బండి

మన సంఘ సభ్యులలో మోటారుబండి గలవారి సంఖ్య నానాటికి పెరుగుచున్నది. పది పదునైదేండ్లు వాడిన బండికి బదులుగా మరియొకటి కొనదలచినవారు మమ్ము సలహా యడుగుట కద్దు. అడుగుటయే గాని వారి నిశ్చయము ముందే యైపోయి యుండును. "ఆ బండినే మరల కొందుము" అందురు. పల్లెలలో నిట్లు మరల మరల కోరబడు బండ్లలో బొలేరో ముఖ్యమైనది కావున, దానినే యుదాహరణముగా గైకొని యీ విషయమును విచారింపదలచితిమి. ఇందు చెప్పబోవు మాటలు చాలవరకు తక్కిన బండ్లకును వర్తించును.

ఈ కోరిక తప్పని మేమనము. కాడికి మరిగిన జోడెద్దులలో నొకటి పోయినప్పుడు రైతు సంతకు బోయి, ఆ యెత్తు, ఆ నడక, ఆ జాతి గల యెద్దునే వెదకును. ఒక్కొక్కడు చచ్చినదాని పేరే క్రొత్తదానికి పెట్టుకొనును. మోటారుబండి విషయమునను ఇట్టి కారణములే కలవు. దానిని నడుపుట చేతికి వచ్చినది. ఊరి మెకానిక్కు దాని గుణము నెరుగును. విడిభాగములు మండల కేంద్రముననే దొరకును. వానకాలపు డొంకలో అది యెట్లు నడచునో యజమాని కన్నులార చూచియున్నాడు. అమ్మువాని పొగడ్తకంటె పదునైదేండ్ల యనుభవము మేలైన సాక్ష్యమే. అయితే ఆ సాక్ష్యము ఇంటిముందున్న పాతబండిని గూర్చినది. అంగడిలో నిలిచిన క్రొత్తబండిని గూర్చినది కాదు. ఎద్దును కొనునప్పుడు రైతు పండ్లు చూచును, నడిపించి చూచును, కాడి గట్టి చూచును. మోటారుబండిని మాత్రము పేరు చూచి కొనుచున్నాడు.

బొలేరో 2000 సంవత్సరమున వెలువడినది. దానిని నిర్మించు మహీంద్రా కంపెనీ 1947 నుండి విల్లీస్ జీపులను కూర్చుచు వచ్చినది. ఆ జీపుల పోలిక, అనగా అడుగున వేరుగా నుండు ఇనుప చట్రము, ఇంజను బలము వెనుక చక్రములకు పోవుట, వెనుక కమానుకట్టలు, ఇవి నేటికిని దీనిలో నిలిచియున్నవి. దూరమునుండి చూచినచో 2008 నాటి బండికిని ఇప్పటి బండికిని అన్నదమ్ముల పోలికయే. మూత యెత్తి చూచినప్పుడే భేదము తెలియును. పూర్వపు బండిలో నాలుగు సిలిండర్ల, సుమారు రెండున్నర లీటర్ల డీజెలు ఇంజను ఉండెడిది. దాని బలము సుమారు 63 అశ్వశక్తులు. డీజెలును చిమ్ము పంపు కేవలము యంత్రపు పనితోనే నడచెడిది. 2011 ప్రాంతమున కొన్ని తరగతుల బండ్లకు కామన్ రైలు పద్ధతి వచ్చెను. అనగా డీజెలు ఎప్పుడు, ఎంత చిమ్మవలయునో నిర్ణయించునది విద్యుత్తుతో పనిచేయు చిన్న పెట్టె. 2016లో మూడు సిలిండర్ల, 1493 ఘన సెంటీమీటర్ల ఇంజను ప్రవేశించెను. ఇట్లు ఇంజను చిన్నదగుటకును, బండి పొడవు నాలుగు మీటర్లకు లోబడుటకును ముఖ్యకారణము పన్ను. నాలుగు మీటర్లకు మించని పొడవును, 1500కు మించని డీజెలు ఇంజనును గల బండ్లకు 2006 నాటి కేంద్ర బడ్జెటులో సుంకము తగ్గింపబడినది. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి భారత్ స్టేజి 6 నియమములు వచ్చుటతో ఆ చిన్న ఇంజనే 75 అశ్వశక్తులతో, పొగను శుద్ధిచేయు పరికరములతో రాజొచ్చినది.

కొన్ని మార్పులు మేలైనవే. బ్రేకు నొక్కినప్పుడు చక్రము బిగిసి జారకుండునట్లు చేయు ఏ.బి.యస్. ఏర్పాటు 2019 ఏప్రిలునుండియు, నడుపువాని ముందు గాలిసంచి ఆ యేటి జులైనుండియు అన్ని కార్లకును తప్పనిసరియయ్యెను. ప్రక్కసీటువానికిని గాలిసంచి పిదప వచ్చినది. పాతబండిలో నివి లేవు. కుటుంబమును ఎక్కించుకొని పోవువానికి క్రొత్తబండి కొనుటకు ఇంతకంటె బలమైన కారణము మాకు తోచుట లేదు.

ఇక రైతులు తెలియక నష్టపడు విషయమును కొంత విపులముగా చెప్పవలసి యున్నది. 2020 తరువాతి డీజెలు బండ్లలో పొగగొట్టమునందు మసిజల్లెడ యొకటి యుండును. ఇంజను విడుచు మసి దానిలో చిక్కుకొనును. మసి నిండగానే బండి తనంతట తాను మరికొంత డీజెలును వెచ్చించి, ఆ జల్లెడను మిక్కిలి వేడిచేసి మసిని కాల్చివేయును. ఇది జరుగుటకు ఇంజను బాగుగా కాగి, పదునైదు ఇరువది నిమిషములు ఆగక ఒకే తీరున పరుగెత్తవలయును. మన రైతు బండి నడక యెట్టిది? ఇంటినుండి చేనికి రెండు మైళ్లు, చేనినుండి పాలకేంద్రమునకు ఒక మైలు, అచ్చటినుండి ఎరువుల కొట్టునకు అరమైలు. ఇంజను కాగకముందే ఆపివేయుట, కాలుచున్న మసి సగములో చల్లారుట, దినదినము నిదియే. కొన్నాళ్లకు ముందరి పలకపై హెచ్చరిక దీపము వెలుగును. "బండి నడచుచునే యున్నది గదా" యని దానిని లెక్కచేయరు. తరువాత బలము తగ్గును. కాలని డీజెలు ఇంజను నూనెలో దిగి నూనెమట్టము పెరుగును. తుదకు జల్లెడను మార్చవలసిన గతి పట్టును. పాతబండికి ఈ రోగము లేదు, ఏలయన దానికి ఆ జల్లెడయే లేదు. అది మసిని ఊరిమీదనే వదలెడిది! కావున క్రొత్తబండి కొనినవారు వారమునకు ఒకసారియైనను దానిని పెద్దరోడ్డు మీద అరగంట సేపు ఆగక నడుపవలయును. దీపము వెలిగిన నాడే నడుపవలయును, మరునాటికి వాయిదా వేయరాదు.

నూనె విషయమునను జాగ్రత్త వలయును. మసిజల్లెడ గల ఇంజనుకు బూడిద తక్కువగా మిగుల్చు తరగతి నూనెనే పోయవలయును. ట్రాక్టరుకు తెచ్చిన డబ్బాలో మిగిలినది దీనికి పనికిరాదు. ఏ తరగతియో బండితో నిచ్చు పుస్తకములో నుండును. డ్రమ్ములలో నిలువచేసిన డీజెలు కూడ ప్రమాదకరము. నీరును ధూళియు కలసిన డీజెలును పాతపంపు కొంతవరకు ఓర్చుకొనెడిది. నేటి ఇంజెక్టరుల రంధ్రములు అతిసూక్ష్మములు. చెడినచో సుత్తి, పానాలతో బాగుపడునవి కావు.

ఇది మెకానిక్కు సంగతికి త్రోవ తీయుచున్నది. "మా ఊరివానికి ఈ బండి కొట్టినపిండి" యనువారు, అతనికి కొట్టినపిండియైనది ఏ ఇంజనో విచారించుకొనవలయును. క్రొత్తబండి తప్పు నెరుగుటకు తెర గల చేతిపరికరము నొకదానిని తగిలించి చూడవలయును. అది అతని యొద్ద కలదా? లేనిచో కంపెనీవారి మరమ్మతుశాల ఎన్ని మైళ్లలో నున్నది? బయానా ఇచ్చుటకు పూర్వమే ఆ మెకానిక్కును వెంటబెట్టుకొని పోయి, మూత యెత్తించి చూపి, అతని మాట వినుట మంచిది. ఒక పూట కూలియిచ్చి తీసికొనిపోయినను నష్టము లేదు.

పేరును నమ్మి మోసపోవుటకు మరియొక మార్గము గలదు. 2021లో బొలేరో నియో యను బండి వచ్చినది. అది 2015లో టి.యు.వి. 300 అను పేరుతో వెలువడిన బండియే, మార్పులతో క్రొత్తపేరు దాల్చినది. దాని ఇంజను బలము 100 అశ్వశక్తులు. బండి మంచిదే కావచ్చును; కాని పాతబొలేరోకు అది సంతానము కాదు. ఇంటిలో దాచిన విడిభాగములు దానికి అతుకవు. రసీదులో పూర్తి పేరును, తరగతిని వ్రాయించుకొనవలయును. అంబాసిడరును ప్రేమించినవారికి ఈపాటి చిక్కైనను లేదు. 2014లో ఉత్తరపారా కర్మాగారమున దాని నిర్మాణమే ఆగిపోయినది.

వెల సంగతి క్లుప్తముగా చెప్పెదము. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి పైన జెప్పిన కొలతకు లోబడిన డీజెలు బండ్లపై జి.యస్.టి. 28 నుండి 18 శాతమునకు తగ్గినది; దానిపై నుండిన 3 శాతము సెస్సును పోయినది. అంతకు ముందటి ధరల పట్టికను చూపి బేరమాడువారిని నమ్మరాదు.

పాతదానిని వదలించుకొనుటలో ఎక్కువ ప్రమాదమున్నది. తెలిసినవాడే గదా యని తెల్లకాగితముపై వ్రాయించుకొని, సొమ్ము పుచ్చుకొని, తాళపుచెవి యిచ్చివేయువారిని మేము పలువుర నెరుగుదుము. చట్టప్రకారము 29, 30 నెంబరు ఫారములపై సంతకములు కావలయును. ఒకే రాష్ట్రములోనైనచో అమ్మినవాడు 14 దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలయును. ఇట్లు చేయక ఒక బండి చేతినుండి చేతికి మారి ప్రమాదము జరుగగా, కార్యాలయపు రికార్డులో ఎవరి పేరున్నదో అతడే నష్టపరిహారమునకు బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బండి యేండ్ల క్రిందట అమ్మితినన్న మొర అచ్చట చెల్లలేదు. క్రొత్తబండి తెచ్చిన సంబరములో పాతబండి బాధ్యతను ఇంటిలోనే యుంచుకొనుట తగునా? పాత అప్పు తీరియున్నచో 35వ ఫారము మూలముగా తాకట్టు మాటను కొట్టివేయించుట కూడ మరువరాదు.

భీమాలో రైతునకు రావలసిన లాభము నొకదానిని చెప్పకుండ చాలమంది విక్రేతలు ఊరకుందురు. వరుసగా అయిదేండ్లు పరిహారము కోరనివానికి బండి స్వంతనష్టపు ప్రీమియములో 50 శాతము తగ్గింపు కలదు. ఈ తగ్గింపు బండిది కాదు, యజమానిది. పాతబండి అమ్మినప్పుడు భీమా కంపెనీనుండి ధ్రువపత్రము తీసికొన్నచో మూడేండ్లలోపల కొన్న క్రొత్తబండికి అది చెల్లును. ఆ భాగపు ప్రీమియము 20,000 రూపాయలైనచో 10,000 మిగులును. పాత సంఖ్యపై మమకారము గలవారు మాత్రము కొంత నిరాశకు సిద్ధపడవలయును. ఆంధ్రప్రదేశమున 2019లో జిల్లాల సంఖ్యలు పోయి 39తో ఒకే వరుస మొదలాయెను. తెలంగాణమున 2024 మార్చినుండి టి.జి. అక్షరములు వచ్చినవి.

అసలు మార్చవలయునా యను ప్రశ్న మిగిలినది. పదునైదేండ్లు నిండగానే బండి చచ్చినట్లు కాదు. తనిఖీలో నెగ్గినచో అయిదేండ్లకొకమారు రిజిస్ట్రేషనును పొడిగింతురు. 2022 ఏప్రిలునుండి కార్లకు దీని రుసుము 5,000 రూపాయలు. ఇరువదియేండ్లు దాటినవానికి 2025 ఆగష్టునుండి 10,000 రూపాయలు. చేనికిని ఇంటికిని మాత్రమే తిరుగు యంత్రపు పంపు గల బండి, చట్రము గట్టిగా నున్నంతవరకు, అప్పుచేసి మార్చదగినది కాదని మా యభిప్రాయము. పైన జెప్పిన కురుచ ప్రయాణములకు క్రొత్తదానికంటె అదియే తగినది. దూరప్రయాణములు గలవారి సంగతి వేరు. సముద్రతీర గ్రామములవారు ఉప్పుగాలికి త్రుప్పు పట్టినదేమో బండి క్రింద దూరి సుత్తితో తట్టి చూడవలయును. చట్రము చిల్లులు పడినచో దానిని ఎవరికిని అంటగట్టరాదు. అట్టి బండ్లను రద్దుచేయు కేంద్రములకు 2021లో వెలువడిన విధానము వీలు కల్పించినది. అచ్చట నిచ్చు ధ్రువపత్రముపై క్రొత్త స్వంతబండి పన్నులో 25 శాతమువరకు రాయితీ యిచ్చుటకు రాష్ట్రములకు అవకాశమున్నది. ఆ పత్రము చేతికి వచ్చినపిదపనే క్రొత్తబండి రిజిస్ట్రేషనుకు పోవలయును.