పిడుదు కరిస్తే మటన్ పడదా? అర్ధరాత్రి అలర్జీ వెనక అసలు కథ

గొర్రెలకీ, కుక్కలకీ చెవుల దగ్గర పట్టుకుని వేలాడే పిడుదు తెలుసు కదా? కొన్నిచోట్ల గోమారి అంటారు. అది మనిషిని కరిస్తే కొంతమందికి మటన్ పడకుండా పోతుంది. జోక్ కాదండీ, దీని పేరు ఆల్ఫా గాల్ సిండ్రోమ్. మా కోట నుంచి టెక్సాస్, నార్త్ కరోలినా వెళ్ళిన ఫ్రెండ్స్ ఉన్నారు. మీకూ ఉంటారు. వాళ్ళకిది తప్పకుండా పంపండి.

ఇది బయటపడింది ఒక క్యాన్సర్ మందు వల్ల. పేరు సెటుక్సిమాబ్. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో దీనికి తీవ్రమైన రియాక్షన్ నూటికి ఒకరికి కూడా రాలేదు. టెన్నెసీ, నార్త్ కరోలినాల్లో మాత్రం 22 శాతం మందికి వచ్చింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, యాప్ ఒకటే, ఒక ఏరియాలోనే క్రాష్ అవుతోంది. అప్పుడు కోడ్ ఒక్కటే చూస్తే చాలదు. ఆ ఏరియా ఫోన్లలో ముందే ఏముందో చూడాలి.

వర్జీనియా యూనివర్సిటీలో థామస్ ప్లాట్స్ మిల్స్ బృందం అదే చేసింది. రియాక్షన్ వచ్చిన చాలామంది రక్తంలో, మందు ఎక్కించక ముందే, ఆల్ఫా గాల్ అనే చక్కెరకి వ్యతిరేకంగా ఐజీఈ యాంటీబాడీలు ఉన్నాయి. ఆ మందుని ఎలుక కణాల్లో తయారుచేస్తారు, అందుకే అందులో ఆ చక్కెర ఉంది. ఇది 2008లో ప్రచురించారు. మరి ఆ ఏరియాలోనే ఎందుకు? అక్కడ లోన్ స్టార్ అనే పిడుదు ఎక్కువ. విచిత్రం ఏంటంటే, 2007లో ప్లాట్స్ మిల్స్‌నే కొండల్లో పిడుదు పిల్లలు కరిచాయి. కొన్ని నెలల తర్వాత లండన్‌లో గొర్రె మాంసం తిన్నారు. గంటలు గడిచాక ఒళ్ళంతా దద్దుర్లు!

ఇంతకీ లోపల ఏం జరుగుతుంది? గొర్రె, మేక, ఆవు, పంది ఒంట్లో ఆల్ఫా గాల్ ఉంటుంది, మన ఒంట్లో తయారవదు. అయినా రోజూ తింటే ఏమీ కాదు. పిడుదు దారి వేరు. అది రోజుల తరబడి చర్మానికి అతుక్కుని రక్తం తాగుతుంది. దాని లాలాజలంలో నొప్పి తెలియనివ్వని, రక్తం గడ్డకట్టనివ్వని, మన రక్షణ కణాలను ఏమార్చే పదార్థాలుంటాయి. వాటితోపాటే ఆల్ఫా గాల్ కూడా లోపలికి పోతుంది. గాయమైన చోట కనిపించిన ఆ చక్కెరని కొందరి ఇమ్యూన్ సిస్టమ్ శత్రువుగా గుర్తుపెట్టుకుని ఐజీఈ తయారుచేస్తుంది. ఆ ఐజీఈ మాస్ట్ కణాల మీద కాపలా కూర్చుంటుంది. తర్వాత మటన్ తింటే ఆ కణాలు హిస్టమిన్ వదులుతాయి. దద్దుర్లు, కడుపునొప్పి, వాంతులు, ఒక్కోసారి ఊపిరాడకపోవడం.

ప్రమాదమంతా టైమింగ్‌లో ఉంది. వేరుశనగ అలర్జీ నిమిషాల్లో బయటపడుతుంది. ఇది సాధారణంగా 2 నుంచి 6 గంటల తర్వాత. రాత్రి తొమ్మిదింటికి బిర్యానీ తింటే, ఒంటిగంటకి దద్దుర్లు. బిర్యానీ మీద అనుమానం ఎవరికొస్తుంది? మాంసం కొవ్వు నెమ్మదిగా అరిగి రక్తంలోకి చేరడమే ఈ ఆలస్యానికి కారణమని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. అమెరికా సీడీసీ లెక్కల్లో 2010 నుంచి 2022 వరకు 1,10,000కి పైగా అనుమానిత కేసులున్నాయి.

చికెన్, చేపలు, రొయ్యల్లో ఆల్ఫా గాల్ ఉండదు. అంటే మన నెల్లూరు చేపల పులుసుకి ఢోకా లేదు! కొందరికి మాత్రం పాలు, జెలటిన్ క్యాప్సూల్స్ కూడా పడవు.

లోన్ స్టార్ పిడుదు మన దగ్గర లేదు. కానీ ఆస్ట్రేలియా, యూరప్, జపాన్‌లలో వేరే జాతుల పిడుదులతో ఇదే అలర్జీ వచ్చింది. అలాగని కరిచిన ప్రతివాళ్ళూ మటన్ మానేయక్కర్లేదు, అందరికీ రాదు.

పిడుదు పట్టుకుంటే కిరసనాయిలు పోయొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టుకుని నిటారుగా లాగండి, సబ్బుతో కడగండి. రాత్రిపూట దద్దుర్లు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఏం తిన్నారో, ఎన్ని గంటలకి వచ్చాయో ఫోన్‌లో రాసుకుని డాక్టర్‌కి చూపించండి. పిడుదు కరిచిన సంగతీ చెప్పండి. ఆల్ఫా గాల్ ఐజీఈకి రక్తపరీక్ష ఉంది. ఊపిరి ఆడకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇవాళ్టికి ఇంతే. ఉంటాను మరి!