ఆకాశం పెద్దదే... రన్‌వే ఒకటే!

ఆడపిల్ల పైలట్ అవుతానంటే ముక్కున వేలేసుకునే రోజులు పోయాయి. మా అమ్మాయి కూడా అమెరికాలో చిన్న విమానం మీద శిక్షణ పొందుతోంది. 2025 జూలై 8న కెనడాలోని మానిటోబాలో, స్టెయిన్‌బాక్ దగ్గర రెండు శిక్షణ విమానాలు ఢీకొన్నాయని చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండూ ల్యాండింగ్ సాధన చేస్తున్నాయి. రన్‌వేకి కొన్ని వందల గజాల దూరంలో గుద్దుకున్నాయి. ఇద్దరు విద్యార్థులూ చనిపోయారు. వారిలో ఒకరు మన కేరళ కుర్రాడు. రెండింటిలోనూ రేడియో ఉంది. అయినా ఒకరినొకరు చూసుకున్నట్టు లేదని శిక్షణ సంస్థవారు అప్పట్లో చెప్పారు.

అంత పెద్ద ఆకాశంలో రెండు చిన్న విమానాలకు చోటు చాలదా? మీకూ ఇదే అనుమానం వస్తుంది కదూ! సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మాయిని అడిగాను. వసారాలో ముగ్గుపిండితో పొడుగ్గా నాలుగు గీతల గడి గీసింది. ఒక పొడుగు గీత రన్‌వే. దిగాల్సిన విమానం నేలకు సుమారు 1000 అడుగుల ఎత్తున, రన్‌వేకి పక్కగా, ఎదురు దిశలో వెళ్తుంది. తర్వాత రెండు మలుపులు, మామూలుగా ఎడమవైపుకే, తిరిగి రన్‌వేకి ఎదురుగా వస్తుంది. ఈ ఆఖరి దారిని 'ఫైనల్' అంటారు. ఎక్కడెక్కడి బళ్లన్నీ రైలు గేటు దగ్గర చేరినట్టు, విమానాలన్నీ ఇక్కడికే చేరతాయి.

చిన్న విమానాశ్రయాల్లో చాలావాటికి కంట్రోల్ టవర్ ఉండదు. 'ఫలానా చోట ఉన్నాను, ఇటు తిరుగుతున్నాను' అని పైలట్లే ఉమ్మడి ఫ్రీక్వెన్సీలో చెప్పుకోవాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా సరిగా వినబడదు.

పోనీ, టవర్ ఉంటే భయం లేదా? 2021 మే 12న అమెరికాలో డెన్వర్ దగ్గరి సెంటెనియల్ విమానాశ్రయంలో టవర్ ఉంది, పక్కపక్కనే రెండు రన్‌వేలున్నాయి. ఒక సిర్రస్ విమానం తన రన్‌వేకి తిరుగుతూ దాన్ని దాటిపోయి, పక్కదాంట్లో దిగబోతున్న మెట్రోలైనర్‌ని గుద్దింది. మెట్రోలైనర్ ఒళ్లు చీలిపోయినా క్షేమంగా దిగింది. సిర్రస్‌కి విమానం మొత్తాన్నీ మోసే పారాచూట్ ఉండబట్టి అందులోని ఇద్దరూ బతికారు. సిర్రస్ పైలట్ తన దారిలో ఉండకపోవడమే కారణమనీ, అది ఎక్కడుందో కంట్రోలర్ మెట్రోలైనర్ పైలట్‌కి చెప్పకపోవడం కూడా తోడైందనీ దర్యాప్తు తేల్చింది.

1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు పెద్ద విమానాలు ఢీకొని 349 మంది పోయాక, ముందే హెచ్చరించే పరికరాన్ని మన దేశంలో పెద్ద విమానాలకు తప్పనిసరి చేశారు. శిక్షణ విమానాల్లో సాధారణంగా అది ఉండదు. చివరికి నమ్ముకోవాల్సింది కళ్లనే.

ఆ కళ్లతోనే వచ్చింది చిక్కంతా! ఢీకొనేలా వస్తున్న విమానం అద్దంలో అటూ ఇటూ కదలదు. ఒకేచోట చుక్కలా నిలబడి, చివరి క్షణాల్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. కదలనిదాన్ని కన్ను తొందరగా పట్టుకోదు (గోడమీది బల్లి సంగతి మనకు తెలిసిందే). చూసి, గుర్తుపట్టి, తప్పుకోవడానికి సుమారు 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన శాఖ లెక్క. పైగా రెక్కలు అడ్డం. సెస్నా 152 లాంటివాటికి రెక్క నెత్తిమీద ఉంటుంది, పైన ఏముందో కనబడదు. రెక్క కిందివైపున్న విమానాలకు కింద ఏముందో కనబడదు. అది కిందా, ఇది దాని పైనా ఉండి దిగుతుంటే... ఇద్దరికీ తెలియదు!

అందుకే మా అమ్మాయి మలుపు తిరిగే ముందు ఆ వైపు రెక్క కాస్త పైకెత్తి చూస్తుందట. ఆకాశాన్ని ఒక్క చూపులో తిప్పేయకుండా ఆగి ఆగి, ముక్కలు ముక్కలుగా చూస్తుంది. పట్టపగలైనా లైట్లు వేసే ఉంచుతుంది. ముందొక విమానం ఉందని రేడియోలో వింటే, అది కంటికి కనబడేదాకా ఫైనల్‌కి తిరగదు. ఏమాత్రం అనుమానమున్నా దిగకుండా మళ్లీ పైకి లేచిపోతుంది. దాన్ని 'గో అరౌండ్' అంటారు.

ఇందులో డబ్బు సంగతి కూడా ఉందండోయ్! శిక్షణకు గంటల లెక్కన కడతాం. మళ్లీ పైకి లేస్తే ఇంకో ఐదారు నిమిషాలు. ఆ ఖర్చుకే కొందరు పిల్లలు జంకుతారట. ఇంకో చుట్టుకయ్యేది మా ఇంటి నెల పాల ఖర్చు దాటదని లెక్కేసి మా అమ్మాయికి చెప్పాను. మొన్న ఒకేరోజు మూడుసార్లు పైకి లేచానని ఫోన్ చేసి చెప్పింది.