బండి పాతదైతేనేం, బ్యాటరీలు చూడండి

అట్లాంటాకు దగ్గర్లో పీచ్‌ట్రీ సిటీ అని ఒక ఊరుంది. మా అబ్బాయి కాపురం అక్కడే, నేనూ వాళ్ల దగ్గరే ఉంటున్నాను. ఆ ఊళ్లో కార్లు తిరిగే రోడ్లు కాకుండా, చెట్ల మధ్య నుంచి సుమారు 100 మైళ్ల సన్నటి దారులు వేశారు. జనం వాటి మీద గోల్ఫ్ కార్టుల్లో తిరుగుతారు. కూరగాయలకు, పార్కుకు వాటిలోనే వెళ్తారు. హైస్కూలు పిల్లలు బడికి కూడా వాటిలోనే పోతారు. ఈ కార్టులు చేసే పెద్ద కంపెనీల్లో రెండు, ఈజీగో, క్లబ్ కార్, ఇదే జార్జియా రాష్ట్రంలోని ఆగస్టా ప్రాంతానివి. గుంటూరులో చాలా ఏళ్లు బ్యాటరీల కొట్టు నడిపినవాణ్ణి కాబట్టి, కార్టు మొరాయిస్తే ఇక్కడి తెలుగువాళ్లు నన్ను పిలుస్తుంటారు.

"బండి పాతబడిపోయింది, అమ్మేద్దామనుకుంటున్నాం" అంటే, ముందు సీటు ఎత్తి చూడమంటాను. కార్టులో పాడయ్యేవి తక్కువ. ఇంజను లేదు, రేడియేటరు లేదు, సైలెన్సరు లేదు. మోటారు, దాన్ని నడిపించే కంట్రోలరు, నాలుగు చక్రాలు, అంతే. నిజంగా అరిగిపోయేవి సీటు కింది బ్యాటరీలే. బాగా చూసుకుంటే ఐదారేళ్లు వస్తాయి. చూసుకోకపోతే రెండు మూడేళ్లకే చేతులెత్తేస్తాయి.

48 వోల్టుల బండ్లలో చాలావాటికి 8 వోల్టుల బ్యాటరీలు ఆరుంటాయి. పాత 36 వోల్టుల బండ్లలో 6 వోల్టులవి ఆరు. అన్నీ లెడ్ యాసిడ్ రకమే. ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన పద్ధతి ఇది. సీసం పలకలు, వాటి మధ్య నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. ఒక్కో సెల్ 2 వోల్టులిస్తుంది కాబట్టి 8 వోల్టుల బ్యాటరీలో నాలుగు సెల్లు, నాలుగు మూతలు. కారు బ్యాటరీ ఇంజనును స్టార్ట్ చేయడానికి ఒక్కసారిగా కరెంటిచ్చి ఊరుకుంటుంది. అందుకే దాని పలకలు పల్చన. కార్టు బ్యాటరీ గంటల తరబడి కరెంటివ్వాలి, అందుకే పలకలు మందం. చవకని కారు బ్యాటరీలు తెచ్చి కార్టులో బిగిస్తే ఎంతోకాలం నిలవవు.

మా వీధి చివర ఒకమ్మాయి కార్టు చిన్న మిట్ట కూడా ఎక్కడం మానేసింది. రాత్రంతా ఛార్జింగ్ పెట్టించి, పొద్దున తీసేశాక కొన్ని గంటలు ఆగి మీటరు పెట్టాను. ఐదు బ్యాటరీలు 8.3 దగ్గర ఉన్నాయి. ఆరోది 6.2 చూపింది. అంటే రెండు వోల్టులు గల్లంతు, ఒక సెల్ పోయిందన్నమాట. మూతలు తీసి హైడ్రోమీటరుతో గ్రావిటీ చూశాను. మూడు సెల్లలో 1230 వచ్చింది. నాలుగోదాంట్లో 1100 కూడా లేదు. నిండా ఛార్జయిన మంచి సెల్ 1265కి తగ్గకూడదు. మిగతా ఐదు బ్యాటరీల్లోనూ ఏ సెల్లూ 1230 దాటలేదు.

"బాబాయి గారూ, ఈ ఒక్కటీ మారిస్తే సరిపోదా?" అని అడిగింది. అందరూ అడిగేది ఇదే.

"సరిపోదమ్మా" అన్నాను. ఆరింటినీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలుపుతారు. ఒకే కరెంటు అన్నింటిలోంచీ పారాలి. ఒక్కటే కొత్తది వేస్తే, పాతవి దానికన్నా ముందే ఖాళీ అయిపోతాయి. ఖాళీ అయినవాటిలోంచి ఇంకా లాగితే అవి మరింత చెడతాయి. ఛార్జరు మొత్తం వోల్టేజీనే చూస్తుంది తప్ప ఏ బ్యాటరీకి ఎంత కావాలో విడిగా చూడదు. దాంతో కొన్ని మరిగిపోతాయి, కొన్ని అరకొరగా మిగులుతాయి. ఒకే కాడికి కోడెనూ ముసలి ఎద్దునూ కట్టినట్టే అది. సెట్టు కొని కొన్ని నెలలే అయి ఉంటే ఒక్కటి మార్చుకోవచ్చు. పాతబడిన సెట్టయితే ఆరూ మార్చాల్సిందే. ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి, వీలైనంతవరకూ ఒకే నెలలో తయారైనవి తీసుకోవాలి.

మార్చేముందు ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. స్పానరు ఒక టెర్మినలుకూ, దానికి ఆనిన ఉంగరం ఇంకో టెర్మినలుకూ తగిలితే వేలు కాలిపోతుంది. కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. చుట్టుపక్కల నిప్పు ఉండకూడదు, ఛార్జయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్ ఇట్టే అంటుకుంటుంది. తాళం తీసేసి, రన్, టో అని స్విచ్చి ఉంటే టో వైపు వేయండి. తర్వాత ఫోన్లో ఫొటో తీసుకోండి. ఏ కేబులు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తోందో స్పష్టంగా కనబడాలి. స్పానరు పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. ముందుగా మెయిన్ నెగటివ్ విప్పాలి, బిగించేటప్పుడు అదే చివర. ప్లస్, మైనస్ తారుమారైతే కంట్రోలరు కాలిపోతుంది, ఆ ఖర్చు వేరే. ఒక్కో బ్యాటరీ 28, 29 కిలోలుంటుంది, ఇద్దరు కలిసి ఎత్తండి. కింద ట్రేకి పట్టిన తెల్లటి, పచ్చటి పొడిని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి ఆరబెట్టండి. పైపొర చిట్లిన కేబుళ్లు, పచ్చబడిన లగ్గులు అప్పుడే మార్చేయండి. వదులైన లగ్గు వేడెక్కి టెర్మినలునే కరిగించేస్తుంది.

ఇప్పుడు చాలామంది లిథియం అడుగుతున్నారు. ఆరు లెడ్ బ్యాటరీలు 170 కిలోలు తూగితే, 100 ఆంపియర్ అవర్ల లిథియం ప్యాకు 50 కిలోల లోపే. నీళ్లు పోసే పని లేదు. అయితే మొదటి ఖర్చు ఎక్కువ, దానికి తగిన ఛార్జరు కూడా ఉండాలి. రోజూ తిరిగేవాళ్లకు అది లాభమే. అప్పుడప్పుడూ తిరిగేవాళ్లకు లెడ్ చాలు.

కొత్తవి బిగించాక అసలు బాధ్యత మొదలవుతుంది. వాడిన రోజే ఛార్జింగ్ పెట్టాలి. ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా తిరిగి రాదు. నెలకొకసారి మూతలు తీసి చూసి, డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు. ఛార్జింగ్‌కు ముందు పలకలు మునిగేంత వరకే పోసి, మిగతాది ఛార్జయ్యాక నింపాలి. ముందే నిండా పోస్తే పొంగి బయటకొస్తుంది.

పాతవాటిని గరాజులో మూలన పడేయకండి. అమెరికాలో పాతవి తిరిగిస్తే దుకాణాలు డిపాజిట్ వెనక్కిస్తాయి. మన దేశంలోనూ 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాతవాటిని వెనక్కి తీసుకునే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. సీసాన్ని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. కానీ పెరట్లో పగలగొట్టి కరిగిస్తే ఆ విషం మట్టిలోకి, పిల్లల ఒంట్లోకి చేరుతుంది. కొత్తది కొన్నచోటే పాతది ఇచ్చి రసీదు తీసుకోండి.

మీకు గోల్ఫ్ కార్టు లేకపోవచ్చు. ఇంట్లో ఇన్వర్టరు ఉంటుంది కదా, దాని బ్యాటరీ కూడా చాలా ఇళ్లలో ఈ కోవదే. ఈ ఆదివారం దాని నీళ్ల మట్టం చూడండి, తగ్గి ఉంటే డిస్టిల్డ్ వాటర్ పోయండి.