ఏకాగ్రత నిలువని విద్యార్థి

అవధానమనగానే మనకు అష్టావధానం స్ఫురిస్తుంది. పద్యం కట్టే అవధాని ధ్యాసను చెదరగొట్టడమే అందులో అప్రస్తుత ప్రసంగి పని. కొందరు విద్యార్థులకు ఈ అప్రస్తుత ప్రసంగి మనస్సులోనే ఉంటాడు. సభ ముగిసినా లేచిపోడు. ఈ స్థితిని వైద్యులు అవధాన లోపమంటారు. ఎ.డి.హెచ్.డి. అని పత్రికలలో కనబడేది ఇదే.

ఇది సెల్‌ఫోనులతో పుట్టిన జాడ్యం కాదు. 1902లోనే లండను వైద్యుడు జార్జి స్టిల్, తెలివితేటలు ఉండి కూడా దేనిమీదా మనస్సు నిలుపలేని పిల్లలను గురించి తన ఉపన్యాసాలలో వర్ణించారు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ణయ గ్రంథంలో దీనికి అవధాన లోపమని పేరు పెట్టింది. పనిని క్రమంలో పెట్టుకోవడం, కాలాన్ని అంచనా వేయడం, అక్కరలేని తలపును ఆపడం మెదడు ముందు భాగం ముఖ్యంగా చేసే పనులు. ఈ లోపం గలవారిలో అవి కుంటుపడతాయి. చాలావరకు ఇది వంశపారంపర్యం. పెంపకంలోని దోషం కాదు.

చిన్ననాటినుంచి ఉన్నది కళాశాలలోనే బయటపడడానికి కారణమేమి? మన ఇంటర్మీడియట్ వసతి కళాశాలలను చూడండి. గంట కొట్టి నిద్ర లేపుతారు. పక్కన అధ్యాపకుడు కూర్చుండగా చదివిస్తారు. వారం వారం పరీక్ష పెడతారు. విద్యార్థి మనస్సు చేయవలసిన ఏర్పాటంతా ఆ గంటే చేస్తుంది. ఇంజనీరింగులో చేరగానే ఆ గంట ఆగిపోతుంది. పరీక్ష నెలల దూరాన ఉంటుంది. ఎదుట ఉన్నదే తప్ప రాబోయేది ఈ మనస్సుకు తోచదు. మంచి ర్యాంకు తెచ్చుకొన్న కుర్రవాడే మూడు సబ్జెక్టులు తప్పుతాడు. "హాస్టలుకు పోయి చెడిపోయినాడు" అని ఇంటివారు నిర్ణయిస్తారు. కొన్నాళ్ళకు అతడూ తాను సోమరినని నమ్ముతాడు. చదువు మానుకొనేది అప్పుడే. అల్లరి చేయక, పరధ్యానంగా కూర్చుండే ఆడపిల్లల విషయంలో ఎవరికీ అనుమానం సైతం రాదు.

ఆగిపోయిన గంటను విద్యార్థి మళ్ళీ తానే ఏర్పరచుకోవలెను. తేదీలన్నీ గోడమీది క్యాలెండరులో వ్రాసి కంటికెదురుగా ఉంచవలెను. "యూనిట్ చదవాలి" అనుకోక, "ఈ రెండు లెక్కలు చేయాలి" అని పనిని ముక్కలు చేసుకోవలెను. ఇరవై అయిదు నిమిషాలకు అలారం పెట్టి, ఫోను వేరే గదిలో ఉంచి కూర్చోవడం మంచిది. మధ్యలో వచ్చిన తలపును కాగితంమీద వ్రాసి పక్కన పెట్టవచ్చు. తన చదువు తాను చదువుకొనే స్నేహితుడు పక్కనుంటే చాలామందికి మనస్సు కుదురుతుంది. నిద్ర, వ్యాయామం విడువరాదు.

అయితే ధ్యాస తప్పిన ప్రతివారికీ ఈ లోపం ఉన్నట్లు కాదు. పన్నెండేళ్ళ లోపుననే లక్షణాలు కనబడి ఉండవలెనని వైద్యుల నియమం. ఇరవైయవ ఏట హఠాత్తుగా వచ్చిన పరధ్యానానికి నిద్రలేమి, దిగులు, ఆందోళన వంటి కారణాలుండవచ్చు. దీనిని తేల్చే రక్తపరీక్ష లేదు. అందువల్ల మనోవైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు పాత ప్రోగ్రెస్ కార్డులను, బాల్యం ఎరిగిన తల్లినో తండ్రినో వెంటబెట్టుకొని వెళ్ళడం మేలు. మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సెటిన్ వంటి మందులు చాలామందికి గుణమిస్తాయి. కాని నాడిని, రక్తపు పోటును పరిశీలించి వైద్యుడే మోతాదు నిర్ణయించవలెను. పరీక్షల ముందు స్నేహితుని మాత్ర అడిగి వేసుకోవడం ప్రమాదం.

హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలు ఉన్నవి. 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరున ఫోను చేస్తే తెలుగులోనే సలహా చెబుతారు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మార్కుల జాబితా చూసి తీర్పు చెప్పక ముందు, పని ఎక్కడ ఆగిపోతున్నదో బిడ్డను అడగండి. జవాబు ఓపికగా వినండి. వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నా అటువంటిదే.