పన్నెండు బై పది గదిలో వీణ

రాజమండ్రి, కాకినాడ, భీమవరం... ఎక్కడైనా కొత్త ఇంట్లో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, స్లాబుదాకా 10 అడుగుల ఎత్తు ఉన్న గది మామూలే. అందులో ఖరీదైన స్పీకర్లు పెట్టినా పాట గుయ్యిమంటోందంటే, వాటిని మార్చేముందు గదిని టేపుతో కొలవండి.

30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు 349 మీటర్లు, అంటే దాదాపు 1,145 అడుగులు పోతుంది. ఈ అంకెను గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే గది ఏ స్వరానికి ఎక్కువగా మోగుతుందో తెలుస్తుంది. 12 అడుగుల పొడవుకు 48 హెర్ట్జ్, 10 అడుగుల వెడల్పుకు 57. ఎత్తు కూడా పదే కాబట్టి 57 దగ్గర రెండు మోతలు ఒకదానిమీద ఒకటి పడతాయి. చతురస్రపు గదులు సంగీతానికి పనికిరావనేది ఇందుకే.

1936లో కాకినాడలో పుట్టిన చిట్టిబాబు, ద్రాక్షారామం నుంచి వచ్చిన ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి వీణను ప్రపంచానికి వినిపించారు. రెండున్నర శ్రుతికి కట్టిన వీణలో అనుమంద్ర పంచమం తీగ దాదాపు 58 హెర్ట్జ్. ఆ తీగ మీటినప్పుడల్లా ఇలాంటి గది తన మోత కూడా కలుపుతుంది. వైణికుడు అనని మాట గది అంటుంది.

స్పీకరు బాక్సులను మూలల్లో పెడితే ఈ మోత ముదురుతుంది. దగ్గరగా ఉన్న ఒక్కో గోడా, నేలా లెక్క ప్రకారం బేస్‌ను 6 డెసిబెల్స్‌దాకా పెంచుతాయి. అందుకే బాక్సులను 10 అడుగుల గోడ వైపు పెట్టి, ఆ గోడకు రెండున్నర అడుగులు, పక్కగోడలకు 2 అడుగులు వదలండి. ఈ రెండు దూరాలూ సమానం కాకపోవడమే మేలు. గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం కొన్ని స్వరాలను కొట్టేస్తుంది. రెండున్నర అడుగుల దూరానికి అది 115 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, 2 అడుగులకు 143 దగ్గర. దూరాలు ఒకటే అయితే రెండు దెబ్బలూ ఒకే స్వరానికి తగులుతాయి.

ఇప్పుడు బాక్సుల మధ్య 6 అడుగులు ఉంటుంది. మీ కుర్చీ కూడా ఒక్కో బాక్సుకు 6 అడుగుల్లో ఉండాలి. అలా కూర్చుంటే మీ వెనక గోడకు నాలుగు అడుగుల పైచిలుకు మిగులుతుంది. మన ఇళ్లలో సోఫా గోడకు ఆనించడం అలవాటు. కానీ 48 హెర్ట్జ్ మోత గోడ దగ్గరే అత్యధికం, సరిగ్గా గది నడుమ దాదాపు శూన్యం. ఈ రెండు చోట్లా కూర్చోకూడదు. చిన్న స్పీకరు, అంటే ట్వీటరు, కూర్చున్నవారి చెవి ఎత్తులో ఉండాలి, నేల నుంచి సుమారు 3 అడుగులు.

ఇక ప్రతిధ్వని. టైల్సు నేల, సిమెంటు గోడలు తమకు తగిలిన శబ్దంలో రెండు శాతానికి మించి పీల్చుకోవు. సామాను లేని ఈ గదిలో చప్పుడు చల్లారడానికి లెక్క ప్రకారం 4 సెకన్లు దాటుతుంది. నాలుగడుగుల చదరపు కిటికీ ఒక్కటి తెరిస్తే 2 సెకన్లకు దిగుతుంది. తెరిచిన కిటికీలోంచి పోయిన శబ్దం తిరిగి రాదు. 1890లలో హార్వర్డ్‌లో సబీన్ అనే ఆచార్యుడు ఒక లెక్చర్ హాల్లోకి కుర్చీల మెత్తలు మోయించి కనిపెట్టిన లెక్క ఇది. ఆకాశానికి తెరిచి ఉండే కోనసీమ మండువా లోగిళ్లలో ఈ బాధ తక్కువ.

కోనసీమ కొబ్బరిపీచు పరుపు వెనక గోడకు నిలబెట్టినా పై స్వరాల గోల తగ్గుతుంది. బేస్‌ను మాత్రం అది ఆపలేదు. 57 హెర్ట్జ్ తరంగం పొడవు 20 అడుగులు, పరుపు మందం 4 అంగుళాలు. బేస్‌కు మందు బాక్సునూ కుర్చీనీ జరపడమే.

చివరగా పక్కగోడ. అక్కడ తగిలిన శబ్దం నేరుగా వచ్చినదానికంటే 2.7 అడుగులు ఎక్కువ తిరిగి, 2.4 మిల్లీసెకన్లు ఆలస్యంగా చెవి చేరి గొంతును మసకబారుస్తుంది. మీరు కుర్చీలో కూర్చుని, ఇంకొకరిని అద్దాన్ని గోడ వెంట జరపమనండి. అద్దంలో బాక్సు కనబడిన చోట, ఈ గదిలో బాక్సుకు అడుగున్నర ముందు, దళసరి కర్టెన్ వేలాడదీయండి.