చీకటి యను సంపద

దూరదర్శినీయంత్రము పెద్దదైనకొలది మంచిదని లోకము తలంచును. యంత్రమును ధనమిచ్చి తెప్పింపవచ్చును. దానికి తగిన ఆకాశమును తెప్పింపలేము. నల్లగొండ, మహబూబునగర సీమల చేరువనున్న మన మెట్టనేలయే ఇందులకు సాక్షి.

1901లో నవాబు జాఫర్ జంగు హైదరాబాదున స్థాపించిన నిజామియా వేధశాల పిమ్మట బేగంపేటకు చేరినది. ఆకాశపటమును రచించు అంతర్జాతీయ కార్యమున పాల్గొని కీర్తి గడించినది. నగరము పెరిగినకొలది దీపకాంతి ఆకాశమును వెలవెలబోజేసెను. అంతట పండితులు ఇబ్రహీంపట్నమునకు ఆవల, జపాల్, రంగాపురముల కడనున్న గుట్టను ఎన్నుకొనిరి. 1968లో అచట 48 అంగుళముల దర్పణముగల యంత్రము నెలకొన్నది. 1980 ఫిబ్రవరి 16వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు విదేశీయులును ఆ గుట్టకు వచ్చిరి.

స్థలపరీక్ష యననేమి? మబ్బులేని రాత్రులెన్ని, ధూళియు తేమయు ఎంత, చీకటి ఎంత చిక్కన యని తూచుట. వీనికంటె సూక్ష్మమైనది గాలి నిలుకడ. పగటియెండకు కాగిన బండలు రాత్రి వేడిని విడువగా, పైకెగయు గాలిలో నక్షత్రబింబము చెదరును. అట్టిచో పెద్ద దర్పణము అధికకాంతిని గ్రహించునే గాని బింబమును స్ఫుటముగ చూపజాలదు.

లడఖులోని హాన్లేలో 2 మీటర్ల దర్పణముగల యంత్రము 2000లో నెలకొన్నది. అచట ఎత్తు 4500 మీటర్లు. హిమాలయము వానమబ్బులను అడ్డగించును. తేమ స్వల్పమగుటచే పరారుణకిరణములు సైతము నేలకు చేరును. మన సీమలో శీతకాలపు రాత్రులు నిర్మలములే గాని, నైరృతి ఋతుపవనము వచ్చిన పిదప నెలల తరబడి మబ్బు. అయినను దక్షిణదిక్కు నక్షత్రములు హాన్లేకంటె మనకే మెండుగ కన్పట్టును. కావున మన గుట్ట నిరర్థకమని మేము ఒప్పుకొనజాలము.

ఎత్తును, వానను మార్చుట మానవునికి శక్యము కాదు. చీకటిని కాచుట మన చేతిలోనిదే. హాన్లే చుట్టును 2022లో చీకటి ఆకాశపు సంరక్షణప్రాంతమును ప్రకటించిరి. అచటి గ్రామస్థులే దానికి కావలివారైరి. ఇచట నగరకాంతి రంగాపురము దెసకు ప్రాకుచున్నది. బేగంపేటను పోగొట్టుకొన్న తప్పును మరల చేయుదుమా?

ఆ దెస భూములు గల పెద్దలకు మా మనవి యొక్కటే. దీపములు వలదనుట లేదు. వెలుగు నేలపై పడునట్లు కప్పు వేయుడు. చెఱువుగట్టు తెగిన మరల కట్టుకొందుము. పోయిన చీకటిని తెచ్చుకొనుట అంత సులభము కాదు.