ఈదే సైనిక బండ్లు... వాగు వరదలో ఎందుకు నిలవవు?

తరిగొప్పుల: వాగు పొంగితే ఊరికి దారి మూసుకుపోవడం ఉమ్మడి వరంగల్ జిల్లా ప్రజలకు కొత్త కాదు. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వరద ముంచెత్తగా గ్రామస్థులు ఇళ్ల కప్పులపైకి, చెట్లపైకి ఎక్కి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గడిపారు. పడవలు, హెలికాప్టర్లు వచ్చి వారిని కాపాడాయి. నేలపై నడిచి నీటిలో ఈదగల సైనిక వాహనాలు ఉన్నాయి కదా, అవి ఎందుకు రావు? ఇలా అడిగేవారికి సమాధానం ఆ బండ్ల నిర్మాణంలోనే ఉంది.

ఏ వాహనమైనా తేలాలంటే తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోయాలి. టన్ను బండికి ఘనపు మీటరు నీరు తొలగాలన్నమాట. అందుకే వీటిని తలుపులు లేని తొట్టిలా, నీరు చొరకుండా రూపొందిస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ సుమారు 15 వేలు తయారుచేసిన ష్విమ్‌వాగెన్ ఈ కోవదే. నీటిలో దిగగానే వెనుక పంకాను కిందికి దించేవారు. ముందు చక్రాలే చుక్కానిగా పనిచేసేవి. అదే కాలంలో అమెరికా జీపును పడవగా మార్చిన ఫోర్డ్ జీపీఏ మాత్రం బరువెక్కింది. అంచు నీటికి మరీ దగ్గరగా ఉండటంతో చిన్న అలకే లోపలికి నీరు వచ్చేది.

గాయపడిన సైనికులను తరలించేందుకు సోవియట్ యూనియన్ లుఆజ్-967 అనే చిన్న బండిని చేసింది. బరువు టన్ను లోపే. డ్రైవరు మధ్యలో కూర్చుంటాడు, కాల్పులు జరుగుతుంటే పడుకుని కూడా నడపగలడు! దీనికి పంకా లేదు. నీటిలో చక్రాలు తిరుగుతుంటేనే ముందుకు సాగుతుంది, అదీ మనిషి నడక వేగంతో.

మన రాష్ట్రంలోనే తయారీ

సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో శంకుస్థాపన జరిగిన ఆయుధ కర్మాగారంలో బీఎంపీ-2 'శరత్' వాహనాలు తయారయ్యాయి. ఇది చిన్నది కాదు, సుమారు 14 టన్నులు. రోడ్డుపై గంటకు 65 కిలోమీటర్లు పరుగెత్తే ఈ బండి నీటిలో 7 కిలోమీటర్లే వెళ్లగలదు. అంటే సెకనుకు రెండు మీటర్లు. చిక్కంతా ఇక్కడే. వరద వాగు అంతకంటే వేగంగా పారితే ఎదురీదలేదు, పక్కకు కొట్టుకుపోతుంది. అవతలి గట్టు నిట్టనిలువుగా, బురదగా ఉంటే ఎక్కనూ లేదు.

నిలిచిన నీటిలో సంగతి వేరు. సైన్యం 2023లో 96 కొత్త వాహనాలకు ఒప్పందం చేసుకుంది. వాటి పెద్ద పెద్ద టైర్లలో గాలి తక్కువగా ఉండి, తేలేందుకు అవే తోడ్పడతాయి. 2025లో పంజాబ్ వరదల్లో ఈ రకం బండి మునిగిన గ్రామాలకు వెళ్లింది. అక్కడ నీరు పొలాలపై పరుచుకుని ఉంది, మన వాగుల్లా ఉరకలేదు.

మన కార్లకూ ఇదే సూత్రం. అర మీటరు దాటిన నీటిలో కారు తేలడం మొదలై చక్రాలకు పట్టు పోతుంది. తేలడం ఇక్కడ వరం కాదు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు వంతెనపై చిక్కుకున్న తొమ్మిది మందిని తీసుకొచ్చింది జేసీబీ. అది తేలే బండి కాదు, తన బరువుతో వంతెనను పట్టుకుని నిలిచింది.